మావయ్య తీసిన చీటీలు

మొన్న మా సచివాలయంలో నా పక్క సీటు అమ్మాయి తన ఫోను నా ముందు పెట్టింది. "అక్కా, మా బాబుకి చదవడం అలవాటయ్యే ఆట ఏదైనా కొందామనుకుంటున్నా. వీటిల్లో ఏది మంచిదో చెప్పు" అంది. స్క్రీను నిండా డబ్బాలే. ప్రతి డబ్బా మీదా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే పిల్లలు, రంగురంగుల అక్షరాలు. నేను నాలుగు డబ్బాలు పక్కకి తోసి, "ముక్కకి ముక్క అతుక్కునేది కొనకు. మాట పక్కన బొమ్మ ఉన్నది కొనకు. తీసిన చీటీ చదవకపోతే ఆట ముందుకి సాగకూడదు, అలాంటిది ఉంటే కొను" అన్నాను.

"అబ్బో, నీకింత ఎలా తెలుసక్కా?" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది.

నా మొహం నాకేం తెలుసు. అవి మా మావయ్య మాటలు. ఆయన పోయిన వేసవిలో పోయాడు. ఆ సంగతి చెప్పబోయి ఆగి, సీసాలో నీళ్ళు ఉండగానే నీళ్ళు పట్టుకొస్తానని లేచి వెళ్ళిపోయాను.

పేరు మాత్రం రాయను. సాలూరులో లారీ ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఆయన పేరు తెలుసు, అందుకని. మా అమ్మకి తమ్ముడు. లారీలకి లోడు కుదిర్చే బ్రోకరు. ఆఫీసు, బల్ల, కుర్చీ లాంటివేం లేవు. రోడ్డు పక్క టీ కొట్టు ముందు ఒక చెక్క బెంచీ, చేతిలో ఒక ఫోను, బుర్రలో మొత్తం వ్యాపారం. ఎవరి లారీ ఎక్కడుందో, ఏ డ్రైవరుకి ఏ ఘాటీ రోడ్డంటే భయమో అన్నీ నోటికే చెప్పేవాడు. దూరాన దుమ్ములో ఒక బండి వస్తుంటే, తలుపు మీద నెమలి బొమ్మని బట్టో వెనకాల తామరపువ్వుని బట్టో, అది ఫలానావాళ్ళదని తేల్చేసేవాడు.

ఇంతటి మనిషికీ బంధువుల్లో ఉన్న పేరు ఒక్కటే. దొంగాటగాడు. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండేది. అష్టాచెమ్మాకి కూర్చుంటే ఆ తువ్వాలు ఉద్యోగంలో చేరిపోయేది. చెమట తుడుచుకుని ఓసారి దులిపేవాడు, దులిపేసరికి ఆయన కాయ రెండు గళ్ళు ముందుకి నడిచి ఉండేది. గవ్వలు వేస్తే, ఎన్ని వెల్లకిలా పడ్డాయో మనం వంగి చూసేలోపు ఏరేసి, "అష్టా" అని కేకేసేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదన్నట్టే ఉండేవాడు. పట్టుకుంటే సిగ్గుపడేవాడా అంటే, అదీ లేదు. "ఆటన్నాక దొంగాట నేకపోతే ఏటి రుసి?" అని ఎదురు అడిగేవాడు.

పొగరు కూడా ఎక్కువే అనుకునేవాళ్ళం. శుభలేఖ ఇస్తే విప్పేవాడు కాదు. కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకుని, "నువ్వు నోటితో పిలు. కాయితం పిలిస్తే నానెందుకొస్తాను?" అనేవాడు. హోటల్లో మెనూ అట్ట తెస్తే దాని మీద నీళ్ళ గ్లాసు పెట్టేసి, "పొయ్యి మీద ఏటున్నాదో అది తే" అనేవాడు. మా ఇంటికొస్తే పేపరు నా మీదకి విసిరి, "సదువమ్మీ, నీ గొంతుతో ఇంటేనే వార్త వార్తలాగుంటాది" అని కళ్ళు మూసుకుని వినేవాడు. నాకు అదో గొప్పగా ఉండేది.

మా హారిక యూకేజీలో ఉన్నప్పటి మాట ఇది. పిల్లకి చదువు ఆటలా అబ్బాలని నాకు ఒకటే యావ. మా విజయనగరంలో దొరికినవీ ఫోనులో తెప్పించినవీ కలిపి ఇల్లంతా డబ్బాలు చేశాను. వాటిల్లో ఒకటి అట్టముక్కల ఆట. ఒక ముక్క మీద ఆవు బొమ్మ, ఇంకో ముక్క మీద 'ఆవు' అన్న మాట. సరైన రెండూ పక్కపక్కన పెడితేనే అంచులు కలిసి అతుక్కుంటాయి. మా పిల్ల ఆ డబ్బా బోర్లిస్తే చాలు, చకచకా అన్నీ జత కలిపేసేది. వచ్చినవాళ్ళందరి ముందూ ఆడించి మురిసిపోయేదాన్ని.

అలాంటి పిల్లకి మాటలు చదవడం రాదని బడిలో మేడమ్ పిలిచి చెప్పింది. అక్షరాలు వచ్చట, కలిపి చదవమంటే ఒక్క మాట కూడా రావడం లేదట. "బడి తెరిచేముందు ఇంకోసారి చూస్తాం. తెలుగైనా సరే, ఇంగ్లీషైనా సరే, నాలుగు మాటలు చదివితే ఒకటో తరగతిలో వేస్తాం. లేకపోతే మళ్ళీ యూకేజీలోనే కూర్చోవాలి" అంది. నేను అక్కడే దెబ్బలాడాను. ఇంట్లో అన్నీ చదువుతోంది, మీరే పిల్లని బెదరగొడుతున్నారని అనేసి వచ్చాను. మా తోడికోడలి కొడుకుదీ అదే బడి, అదే తరగతి. వాడు పైకి వెళ్ళి ఇది కిందనే ఉండిపోతే ఇంట్లో పడే మాటలు నాకు ముందే వినిపించాయి. ఆటోలో పిల్ల నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, మొద్దు అంటే నేనేనా?" అని అడిగింది. ఆ మాట దానికి ఎవరు చెప్పారో అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

ఆ వేసవిలోనే మా అమ్మకి కంటి ఆపరేషను అయింది. మా ఆయన ఉద్యోగం రాయగడలో, ఇంటికి ఆదివారం మనిషి. నాకు సెలవు లేదు. అప్పుడు దిగాడు మావయ్య. "అప్పని నాను సూసుకుంటాను, నువ్వు ఆఫీసుకెల్లు" అన్నాడు. నల్ల కళ్ళద్దాలతో మంచం మీదున్న మా అమ్మకి ఆయనే చుక్కల మందు వేసేవాడు. ఆ బక్క చేతులు అంత మెత్తగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

వచ్చిన రోజునే మేడమ్ మీద చాడీలు చెప్పి, పిల్ల చేత అట్టముక్కలు ఆడించి చూపించాను. ఆయన గొంతుక్కూర్చుని చూశాడు. అది గబగబా అన్నీ కలిపేసింది. ఆయన 'పడవ' అన్న ముక్క తీసి, రెండు అంచులూ వేళ్ళతో మూసేసి, "ఇదేటి సెప్పే" అన్నాడు.

పిల్ల ఆ ముక్క వంక చూసింది. ఆయన వేళ్ళ వంక చూసింది. నా వంక చూసింది.

"చెయ్యి తియ్యి తాతా, కనబడ్డం లేదు" అంది.

అక్షరాలు మూడూ కనబడుతూనే ఉన్నాయి. కనబడనిది అంచు ఒక్కటే.

"ఇది సదవతన్నాదనుకున్నావేటి?" అన్నాడు మావయ్య నాతో. "అంచు గుర్తెట్టుకున్నాది. ఏ గంటు దేనికి పడతాదో సూసుకుంటన్నాది. ఇందులో పిల్ల ఆడక్కర్నేదు, అట్టముక్కే ఆడీసుకుంటాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు చూడండి, అలాగే. పసిపిల్లని ఏడిపించడానికి వచ్చావా అని గట్టిగానే అడిగాను. ఆయన మాత్రం గోడ వైపు తిరిగి కూర్చున్న పిల్ల వీపు వంకే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు ఆయనే నన్ను గంటస్తంభం దగ్గర్లో ఒక బొమ్మల కొట్టుకి లాక్కెళ్ళాడు. కొట్టాయన డబ్బాలు బల్ల మీద పేర్చాడు. మావయ్య ఒక్కొక్కదాని మూత ఎత్తడం, లోపల చూడడం, పక్కకి తొయ్యడం. బొమ్మ పక్కన మాట ఉన్న చీట్లయితే తోసేశాడు. అక్షరానికో రంగు ఉంటే తోసేశాడు. ముట్టుకుంటే మాట్లాడే ఆటని చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇదే అన్నీ సెప్పీస్తాది, మరి పిల్లకేటి పని?" అని తోసేశాడు.

"బాబూ, సీళ్ళు తియ్యకండి. తరవాత ఎవడు కొంటాడు?" అని కొట్టాయన మొత్తుకున్నాడు.

"సీలు సూసి కొనడానికి సారా సీసాలేటి?" అన్నాడు మావయ్య.

ఆఖరికి అడుగున దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దొరికింది. మెలికలు తిరిగిన దారి ఉన్న అట్ట, నాలుగు కాయలు, ఒక కట్ట చీట్లు. చీట్ల మీద బొమ్మ లేదు, రంగు లేదు, తెలుగులో ఒక్కో వాక్యం. ఆయన ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "ఏటున్నాదో సదువు" అన్నాడు. 'మూడు గళ్ళు వెనక్కి వెళ్ళు' అని చదివాను. ఇంకోటి ఇచ్చాడు. 'బురదలో పడ్డావు, ఒక ఆట ఆగు.' ఇంకోటి. 'పరుగు తీసి రెండు గళ్ళు ముందుకి వెళ్ళు.'

"ఇదే" అన్నాడు.

"ఒక్క బొమ్మ కూడా లేదు మావయ్యా. పిల్లలు ముట్టుకోరు."

"తప్పించుకోడానికి సందు నేదు. అందుకే ఇదే." డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగుతూ, గొంతు తగ్గించి, "ఆ గుంట తెలివైందమ్మీ. తెలివైనోళ్ళకే ఈ రోగం. సదవకుండా గట్టెక్కడం నేర్సీసుకుంటారు. ఒకపాలి నేర్సీసుకున్నాక మరి బతుకంతా అదే పని" అన్నాడు. ఇంటి గుమ్మంలో మాత్రం, "ఇది తల్లీకూతుళ్ళు ఆడుకోండి. నన్ను కలపకండి" అని డబ్బా నాకు ఇచ్చేశాడు.

కానీ పగలంతా నేను ఆఫీసులో. అమ్మ కళ్ళకి అద్దాలు. పిల్లకి దొరికింది ఆయన ఒక్కడే. ఫోను వచ్చిందన్నాడు, కాలు తిమ్మిరన్నాడు, అది వదల్లేదు. కూర్చోక తప్పలేదు. కూర్చున్న రోజునుంచీ ఇంట్లో గొడవలే. నేను గుమ్మంలో కాలు పెట్టగానే పిల్ల ముక్కు ఎగబీలుస్తూ ఎదురొచ్చేది. "తాతకి అన్నీ ముందుకే వస్తాయి. నాకు అన్నీ వెనక్కే వస్తున్నాయి." మంచం మీదనుంచి మా అమ్మ, "ఒరే తమ్ముడూ, పసిగుంటతో కూడా దొంగాటేట్రా? సిగ్గు నేదేట్రా నీకు?" అని తిట్టేది. ఆయన తువ్వాలు దులుపుకునేవాడు.

అంతకంటే నాకు మంట పుట్టించింది వేరే ఉంది. పిల్ల తన చీటీ చదవలేక ఆయన ముందు పెడితే ఆయన సాయం చేసేవాడు కాదట. "నీ సీటీ నువ్వే సదువుకోవాల" అని మొహం తిప్పేసుకునేవాడట. అది ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, కూడబలుక్కుని, తప్పు చదివి ఏడ్చి, మళ్ళీ మొదలెట్టేదట. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను. "నీ సొమ్మేం పోయింది మావయ్యా, ఒక్క మాట అందిస్తే? ఇంకో వారంలో మేడమ్ పిలుస్తుంది. గెలవడం తప్ప నీకింకేం పట్టదా? ఇలాగైతే రేపట్నుంచి నేనే సెలవు పెట్టుకుంటాను, నువ్వు సాలూరు వెళ్ళిపో."

 ఆయన కాలి వేళ్ళకేసి చూసి, "బడి తెరిసీదాకా ఉండనీ అమ్మీ. తరవాత నువ్వు పొమ్మనకుండానే పోతాను" అన్నాడు. ఆయన నోట బతిమాలే మాట వినడం నాకు అదే మొదలు. అయినా నా కోపం తగ్గలేదు. ఆ వారమంతా అన్నం పెట్టేటప్పుడు తప్ప మాట్లాడలేదు.

మర్నాడు మేడమ్ దగ్గరికి వెళ్ళాలనగా సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. వంటింట్లో ఉన్నాను గానీ చెవులు ముందుగదిలోనే ఉన్నాయి.  కాయల టకటక ఆగింది. మావయ్య చీటీ తీసి, "ముందుకి మూడు" అని కాయ ఎత్తిన చప్పుడు.

"తాతా, ఆగు."

ఆగాడు.

"మూ...డు. గళ్ళు. వె...నక్కి. వెనక్కి వెళ్ళు." దాని గొంతు మారిపోయింది. "తాతా, ఇది వెనక్కి. ముందుకి కాదు. నువ్వు అబద్ధం చెప్పావు."

గరిట చేతిలోనే ఉంది, పరిగెత్తాను. పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన వైపు పోగుపడిన చీట్లన్నీ లాక్కుని నేలమీద పరుస్తోంది. ఒక్కొక్కటీ తీసి చదువుతోంది. వేలు పెట్టి, ఆగుతూ, కానీ చదువుతోంది. "ఇది బురదలో పడ్డావు. నువ్వు పరుగు తియ్యి అన్నావు. ఇది నీ చోటు పక్కవాళ్ళకి ఇవ్వు. నువ్వు ఇంకోసారి ఆడు అన్నావు." నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. "చదువమ్మా, ఇంకోటి చదువు, ఇంకోటి" అని పక్కనే చతికిలపడ్డాను. మంచం మీద అమ్మ, "దొరికిపోనాడా? తాడిని తన్నీవోడుంటే ఆడి తల తన్నీవోడుంటాడు" అని చప్పట్లు కొట్టింది. నేను చీట్లు అందిస్తున్నాను, పిల్ల చదువుతోంది. మావయ్య దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఎప్పుడూ దొరికినప్పుడు నవ్వే మనిషి ఈసారి నవ్వలేదు. తువ్వాలు రెండు చేతుల్తోనూ పట్టుకుని, నేలమీద ఆ చీట్లకేసి చూస్తున్నాడు.

పిల్ల చదువుతూ చదువుతూ ఒక చీటీ దగ్గర ఆగిపోయింది. మళ్ళీ చదువుకుంది, పైకి కాదు, పెదాల్తో. ఆయన మొహంలోకి చూసింది. ఆ చీటీ గౌను జేబులో పెట్టేసుకుని, "ఇంక చాలమ్మా" అంది.

"దొరికిపోనాను" అన్నాడు మావయ్య లేస్తూ. "గుంట నన్ను పట్టీసినాది. ఇంకేటి, రేపు మేడమ్ముని కూడా పట్టీస్తాది." లోడు ఒకటి కుదిరేలా ఉందని చెప్పి, అన్నం తినకుండానే సాలూరు బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగాక పిల్ల నా కొంగు పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. జేబులో చీటీ నా చేతిలో పెట్టింది. 'పరుగు తీసి రెండు గళ్ళు ముందుకి వెళ్ళు.'

"ఇది తీసి తాత ఏమన్నాడో తెలుసా? 'అయ్యో, ఈపాలి నాకు ఆగిపొమ్మనొచ్చినాది' అని ఆగిపోయాడు. ముందుకి వెళ్ళొచ్చు కదమ్మా? దొంగాట ఆడేవాళ్ళు ఓడిపోయేలా ఆడతారా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. పిల్ల నా చెవి దగ్గరికి వచ్చింది.

"తాతకి కూడా రాదమ్మా."

పొయ్యి మీద కూర అడుగంటింది, వాసన వచ్చేదాకా కదల్లేకపోయాను. శుభలేఖలు, హోటలు అట్టలు, నా గొంతు బాగుంటుందని చదివించుకున్న పేపర్లు, తలుపుల మీద నెమళ్ళు. ఐదో తరగతి దాకా బడికి వెళ్ళాడని మా అమ్మ చెప్పే తమ్ముడు, ఆ ఐదేళ్ళూ ఎలా గట్టెక్కాడో అలాగే బతుకంతా గట్టెక్కాడు. చదువు రానివాడు అనిపించుకోవడం కంటే దొంగ అనిపించుకోవడమే నయమనుకున్నాడు. గవ్వలాటలో ఆయన చేసేది అచ్చమైన దొంగాటే, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ ఈ చీట్ల దగ్గర ఆయనకి వేరే దారి లేదు. తప్పించుకోడానికి సందు లేని ఆటని తనే ఏరి తెచ్చి, అందులో తనే చిక్కుకుని, పిల్ల చదివేదాకా లేచిపోకుండా కూర్చున్నాడు. నాకు ఆయన మీద ఉన్న ప్రేమ అంతకుముందెప్పుడూ అంత నొప్పిగా లేదు.

హారిక మర్నాడు మేడమ్ ముందు నాలుగు మాటలు కాదు, పేజీ చదివింది. ఒకటో తరగతిలో వేశారు. ఫోను చేసి చెబితే మావయ్య, "మరి నాను సెప్పనేదేటి, తెలివైన గుంటని" అని గబుక్కున పెట్టేశాడు.

దసరాకి వచ్చాడు. పిల్ల డబ్బా తెచ్చి ముందు పెట్టగానే ఆయన చెయ్యి తువ్వాలు మీదకి పోయింది. అది కాయలు సర్దుతూ, మామూలుగా, మా అమ్మకి వినబడేలా అంది. "తాతా, నువ్వు పెద్ద దొంగవి. నిన్ను నమ్మను. నీ చీటీ కూడా నేనే చదువుతాను, ఇలా తే."

ఆయన ఒక్క క్షణం దాని మొహం చూశాడు. చీటీ తీసి, చూడకుండానే దాని చేతికి ఇచ్చేశాడు. ఆ తరవాత వచ్చినప్పుడల్లా వాళ్ళ ఆట అలాగే సాగింది. ఆ సంగతి మా ముగ్గురి మధ్యా మాటగా ఎప్పుడూ రాలేదు.

పోయిన వేసవిలో, బెంచీ మీద ఫోను మాట్లాడుతూనే ఒరిగిపోయాడు. పన్నెండోనాడు భోజనాలకి సాలూరులో సగం లారీలు ఆగిపోయాయి. పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా ఆయన దొంగాటల కథలే. "ఈపాటికి యముడితో అష్టాచెమ్మాకి కూకునుంటాడు. ఆ యముడు కాయలు జాగర్తెట్టుకోవాల" అని ఒకాయన అంటే ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయనతో చాలాకాలం వ్యాపారం చేసిన లారీ ఓనరు ఒకాయన మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఆగి, "అవున్రా, నాకో అనుమానం. ఇన్నేళ్ళలో ఆడు ఒక కాయితం సదవగా నాను సూడ్నేదు. అసలాడికి సదువొచ్చేటి?" అన్నాడు.

వడ్డిస్తున్న మావయ్య భార్య, మా అత్త చేతిలో నేతిగిన్నె ఆగిపోయింది.  పంక్తిలో ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"ఎందుకు రాదు?" అంది హారిక, నా పక్కనుంచి, గట్టిగా. "నాతో చీట్లాట ఆడేవాడు కదా. వెనక్కి అని ఉంటే అది లోపల చదివేసుకుని, పైకి ముందుకి అని చెప్పేవాడు. చదవడం రాకపోతే అంత దొంగాట ఎలా ఆడతాడు?"

పంక్తంతా ఘొల్లున నవ్వింది. ఆ ఓనరు, "అదీ నిజమేలే, దొంగనాకొడుకు" అని కళ్ళు తుడుచుకుని పప్పు కలుపుకున్నాడు. నా కూతురు మాత్రం ఆకులోంచి తల ఎత్తలేదు. మా అత్త వచ్చి దాని వెనక నిలబడింది. దాని తలమీద చెయ్యి వేసింది. అవతల నెయ్యి నెయ్యి అని పిలుస్తున్నా, ఆ చెయ్యి తియ్యలేదు.